నందినికి టైఫాయిడ్ లేదు

ముప్పై ఆరేళ్ళు నేను జహీరాబాద్‌లో జనం రక్తం పీల్చి బతికాను. ఈ మాట నాది కాదు, మా ఆవిడ శారదది. కొత్త చుట్టాలకు నన్ను పరిచయం చేయాల్సి వచ్చినప్పుడల్లా ఇదే చెబుతుంది. వాళ్ళు ఉలిక్కిపడ్డాక, తీరిగ్గా, ల్యాబులో పని అని చెబుతుంది.

ఊళ్ళో నన్ను ‘సూది బస్వరాజ్’ అంటారు. పెళ్ళిళ్ళలో నేను ఎదురైతే పిల్లలు చేతులు వెనక్కి దాచుకుంటారు. కొందరు పెద్దవాళ్ళూ దాచుకుంటారు, కాకపోతే నమస్కారం పెట్టాలి కాబట్టి మళ్ళీ బయటికి తీస్తారు. పోయిన ఏడాది రిటైరయ్యాను. పనిచేసిన నర్సింగ్ హోమ్ పేరు రాయను. అది చిన్నది, రెండు గదులు ఎక్కువ, ఒక డాక్టరమ్మ తక్కువ. ఉన్న ఒక్క డాక్టరమ్మ ముగ్గురి పని చేసేది.

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చి, “అన్నా, నరం దొరకకపోతే ఏం చెయ్యాలె?” అని అడుగుతుంటారు. నరం దొరకడం నెల రోజుల్లో వస్తుంది. దొరక్కపోతే రెండో చెయ్యి ఉండనే ఉంది. నెల రోజుల్లో రాని సంగతి ఒకటుంది, దానికి నాకు ముప్పై ఏళ్ళు పట్టింది. అది కూడా ఒక పెద్ద తప్పు చేశాక వచ్చింది. ఆ తప్పు ఒక పదహారేళ్ళ పిల్ల ప్రాణం మీదికి వచ్చింది. దాని గురించే రాస్తున్నాను. పేర్లన్నీ మార్చాను, నా పేరు తప్ప.

*నార్మల్ వస్తే కోపం*

మీకు చదువులో చెప్పని మాట ముందు చెబుతాను. రిపోర్టులో రోగం కనిపిస్తే మనవాళ్ళు ఏడుస్తారు. ఏమీ కనిపించకపోతే కొట్లాటకు వస్తారు.

చిరాగ్‌పల్లి నుంచి ఒక అల్లం రైతు కడుపునొప్పి అని వచ్చాడు. అన్ని పరీక్షలూ చేశాం, అన్నీ బాగున్నాయి. కాగితం చేతికిస్తే ముందూ వెనకా తిప్పి చూశాడు.

“గింత దూరం వస్తి. పొద్దటిసంది చాయ్ గూడ తాగకుంట కూసుంటి. ఒక్కటన్నా ఎక్కువ తక్కువ రాలేదా?” అన్నాడు.

“రాలేదు పటేలా, అన్నీ మంచిగున్నయి.”

“మిషన్ పాతదా?”

పెద్దవాళ్ళయితే ఇలా నవ్వుకోవచ్చు. పిల్లల దగ్గరికి వచ్చేసరికి నవ్వు రాదు. పదో తరగతి, ఇంటర్ చదివే పిల్లలను తల్లులు వెంటబెట్టుకొని వస్తారు. తలనొప్పి, కడుపునొప్పి, కళ్ళు తిరగడం, నీరసం. ‘రక్తం తక్కువైందేమో జూడు సారూ’ అంటారు. చూస్తాం. రక్తం సరిపడా ఉంటుంది, థైరాయిడ్ బాగుంటుంది, షుగర్ ఉండదు. నేను ‘నార్మల్’ అని కాగితం కిటికీలోంచి ఇస్తాను. ఆ కిటికీ దగ్గరే తల్లుల తిట్లు మొదలవుతాయి.

“సూసినవా? ఏం లేదంట. అన్నీ దొంగ నాటకాలు. ఫోన్ జూసుడు, పండుకునుడు. నడువ్ ఇంటికి.”

ఆ కాగితాన్నే చుట్ట చుట్టి పిల్లల నెత్తి మీద కొట్టిన తల్లులను చూశాను. కింద నా సంతకం ఉన్న కాగితం. పిల్లలు మాత్రం ఏమీ అనరు. ఒక్కసారి నా వైపు చూస్తారు, నువ్వు కూడానా అన్నట్టు. అన్నేళ్ళూ ఆ చూపును నేను కిటికీ మూసి తప్పించుకున్నాను.

*గౌస్ సాబ్ చెప్పింది*

నాకు పని నేర్పింది గౌస్ సాబ్. చేతిలో సిగరెట్ ఉంటే తప్ప ఆయన చెయ్యి వణకడం ఆగేది కాదు, సిరంజి పట్టుకుంటే మాత్రం రాయిలా నిలబడేది. మొదటి వారమే నాకు ఒక మాట చెప్పాడు.

“బస్వరాజ్, సూసింది రాయ్. సూడంది రాయకు. ఎవలి మీదనన్నా రహెం వస్తె చాయ్ తాగిపియ్, బిస్కెట్ తినిపియ్. రిపోర్టుల మాత్రం రహెం రాయకు బేటా.”

రహెం అంటే దయ. అప్పుడు నేను తల ఊపాను. ఇదేం పెద్ద సంగతి, నాకంత దయ ఎక్కడుందిలే అనుకున్నాను కూడా.

*ఉప్పుకారం మానేసిన పిల్ల*

నందిని వాళ్ళది కోహీర్ దగ్గర పల్లె. తండ్రి శివప్ప అల్లం, ఆలుగడ్డ వేస్తాడు. మనిషి మంచివాడే, గొంతే పొలంలో ఉండిపోయింది. పక్కన కూర్చున్నవాడితో మాట్లాడినా అవతలి గట్టు మీద ఉన్నవాడిని పిలిచినట్టే ఉంటుంది. తల్లి ఈరమ్మ. నందిని ఇంటర్ మొదటి సంవత్సరం, రోజూ బస్సులో జహీరాబాద్ వచ్చి చదువుకునేది.

మొదటిసారి దసరా తర్వాత తీసుకొచ్చారు. రాత్రి నిద్రపోదు, పగలు లేవదు. ఏమన్నా అంటే కసురుతుంది, లేదంటే అసలు పలకదు. స్నేహితురాళ్ళ ఫోన్లు ఎత్తదు.

“దినాం నాలుగు జాంపండ్లు ఉప్పుకారం అద్దుకొని తినేది సారూ. గిప్పుడు కోసి ప్లేట్ల వెట్టినా ముట్టుకుంటలేదు” అంది ఈరమ్మ. జామతోటలకు పేరున్న కోహీర్ పిల్ల జామపండు వద్దందంటే అది మామూలు సంగతి కాదు. ఆ ఒక్క మాట పట్టుకొని ఉంటే ఇంత కథ ఉండేది కాదు. నేనేమో ట్యూబుకు పేరు రాసుకుంటున్నాను.

అన్నీ నార్మల్. శివప్ప కిటికీ దగ్గరే తిట్టడం మొదలుపెట్టాడు. ఆయన గొంతు సంగతి చెప్పాను కదా, వరండాలో ఉన్న పాతికమందికీ ఆ పిల్ల నాటకాలు ఆడుతోందని తెలిసిపోయింది. నందిని నేల చూస్తూ నిలబడింది.

మూడు వారాలకు మళ్ళీ వచ్చారు. ఈసారి పిల్ల చిక్కిపోయింది. రక్తం తీస్తుంటే సూది వైపు చూడలేదు, నా వైపు చూడలేదు, గోడ వైపు కూడా చూడలేదు. ఎటు చూస్తోందో నాకు అర్థం కాలేదు. డాక్టరమ్మ వైడాల్ రాసింది. అది టైఫాయిడ్‌కు చేసే పరీక్ష. మన ప్రాంతంలో ఎవరి రక్తం తీసుకున్నా ఇందులో కొంచెం గింజలు కట్టినట్టు కనిపిస్తుంది, ఎప్పుడో ఒకప్పుడు నీళ్ళు తాగిన పాపానికి. అందుకే ఎనభై దాకా మేం లెక్కలోకి తీసుకోం. నూట అరవై వస్తే డాక్టరమ్మ మందులు రాయడానికి కలం తీస్తుంది.

నందినికి ఎనభై వచ్చింది. రాయబోతుంటే బయట శివప్ప మాట వినిపించింది.

“ఇయ్యాల గూడ ఏం లేదన్నరనుకో, రేపే హైదరాబాద్ల హాస్టల్ల ఏస్త. ఆడ కొట్టి లేపుతరు.”

కిటికీలోంచి చూశాను. పిల్ల మొహంలో భయం కూడా లేదు. భయపడటానికి కూడా ఓపిక లేనట్టుంది. నాకు చాలా బాధ కలిగింది. బాధ కలిగితే చాయ్ తాగించాలని గౌస్ సాబ్ చెప్పాడు. నేను ఎనభై కొట్టేయలేదు, అసలు రాయనేలేదు. నూట అరవై అని రాశాను.

*పద్నాలుగు రోజుల రాజభోగం*

తర్వాత ఏం జరిగిందో ఈరమ్మే నాకు కూరగాయల బజార్‌లో చెప్పింది. చెబుతుంటే ఆమె మొహం వెలిగిపోతోంది.

టైఫాయిడ్, పద్నాలుగు రోజులు మంచం దిగొద్దు అన్న డాక్టరమ్మ మాట ఇంట్లో పడగానే నాటకాల పిల్ల కాస్తా మహారాణి అయిపోయింది. మంచం కిటికీ దగ్గరికి జరిగింది. పాలు, బ్రెడ్డు, జావ. చుట్టాలు బత్తాయిలు తెచ్చారు. ‘లే’ అన్నవాడు లేడు. ‘ఎందుకట్ల ఉన్నవ్’ అన్నవాడు లేడు. టైఫాయిడ్ కదా, అలాగే ఉంటుంది అని అందరూ ఒప్పుకున్నారు. శివప్ప అయితే బిడ్డ పడుకున్న గదిలో గొంతు తగ్గించి మాట్లాడటానికి ప్రయత్నించి, రాక, పూర్తిగా మానేశాడట. సాయంత్రం పూట వచ్చి ఊరికే కాళ్ళ దగ్గర కూర్చునేవాడట. నందిని రెండు ముద్దలు తినడం మొదలుపెట్టింది. ఒకరోజు నవ్వింది కూడా.

నేను ఇంటికి పోయేసరికి నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది. శారదకు మొత్తం చెప్పాను. ఎనభై, నూట అరవై, అంతా. డాక్టర్లు చేయలేనిది ఒక్క అంకెతో చేశానన్నాను. ఆమె అల్లం దంచుతూ విన్నది.

“మంచిగనే చేసినవ్. పదిహేనో దినం ఏం చేస్తవ్?” అంది.

“పదిహేనో దినం ఏముంటది?”

“టైఫాయిడ్ తగ్గిపోతది గదా” అంది, రోలు పక్కకు జరిపి.

ఆడవాళ్ళకు ప్రతిదానికీ అనుమానమే అని ఆ రోజు తీర్మానించుకున్నాను. ముప్పై ఏళ్ళ సంసారంలో నేను చేసిన ఇలాంటి తీర్మానాలు ఒక్కటీ నిలబడలేదు, ఇదీ నిలబడలేదు.

*ఇంకోసారి రాస్తారా?*

మరో మూడు వారాలకు ఒక మంగళవారం, పదకొండు గంటలప్పుడు, నందిని ఒక్కతే వచ్చింది. కాలేజీ డ్రెస్సు, భుజాన బ్యాగు. వరండాలో జనం తగ్గేదాకా బెంచీ మీద కూర్చుంది. తర్వాత కిటికీ దగ్గరికి వచ్చింది.

“సార్, ఇంకోసారి టైఫాయిడ్ రాస్తరా?”

“రాసుడేంది బిడ్డా? వస్తె వస్తది, లేకుంటె లేదు” అన్నాను, పెద్దమనిషి తరహాలో.

“నాకు జ్వరమే రాలె సార్. ఒక్క దినం గూడ. నాది బైపీసీ, పుస్తకంల చదువుకున్న. మీరే రాసిన్రు.” ఆమె గొంతులో కోపం లేదు. “రాసినందుకు మంచిగైంది. పద్నాలుగు దినాలు ఎవరేమనలే. అవి అయిపోయినై. మళ్ల లెవ్వమంటున్రు. లెవ్వొస్తలేదు సార్.”

చిక్కులో పడితే వేళాకోళం చేయడం నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు. ఆ రోజు కూడా అదే చేశాను.

“టైఫాయిడ్ ఒక్కసారే ఇస్తం బిడ్డా. గీసారి కలరా రాయాల్నా?”

నందిని నవ్వలేదు. ఆలోచించింది.

“దానికి ఎన్ని దినాలు పండుకోనిస్తరు?” అని అడిగింది. నిజంగానే అడిగింది. ఆమే మళ్ళీ అంది, “పండుకొని ఇగ లెవ్వకుంటనే మంచిగుండు అనిపిస్తది సార్.”

ఆ క్షణంలో నా నోటిదాకా వచ్చిన మాటలన్నీ మీకు చెబుతాను, ఎందుకంటే మీకూ అవే వస్తాయి. ‘ఛీ, గట్ల అనొద్దు.’ ‘నీకేం తక్కువ?’ ‘అమ్మానాయిన ఎంత కష్టపడుతున్రు, జర ఆలోచించు.’ మా కులదైవం దయవల్ల నోరు ఎండిపోయి ఒక్కటీ బయటికి రాలేదు. ల్యాబు తలుపు తీసి, లోపలికి రమ్మని నా కుర్చీలో కూర్చోబెట్టాను.

“మా నాయినకు చెప్పకుండ్రి సార్” అంది.

సరే అంటే అక్కడితో అయిపోయేది. కానీ ఆ పిల్లకు ఒక అబద్ధం ఇదివరకే రాసి ఇచ్చాను, రెండోది ఇవ్వబుద్ధి కాలేదు. “అది నాతోని కాదు బిడ్డా. కని ఒక్కదానివే చెప్పుకొనే పని లేదు. నేనుంట” అన్నాను. చేయి పట్టుకొని డాక్టరమ్మ గదికి తీసుకుపోయాను. బయట పదిమంది లైన్లో ఉన్నారు. అందరినీ దాటించాను. తిట్టారు, తిట్టనిచ్చాను.

*డాక్టరమ్మ అడిగిన మాట*

డాక్టరమ్మ తలుపు వేయించింది. నర్సమ్మను పిలిచి నందిని పక్కన కూర్చోమంది. కాసేపు నిద్ర సంగతి, తిండి సంగతి అడిగింది. తర్వాత, నీళ్ళు తాగావా అని అడిగినంత మామూలుగా అడిగింది.

“నందినీ, ఒక మాట సీదా అడుగుత. చచ్చిపోవాలని అనిపిస్తుందా?”

లేని ఆలోచన పిల్ల నెత్తిలో పెడుతోందేమిటి ఈమె అనుకున్నాను. తలుపు దగ్గర నిలబడి చేతులతో సైగ చేయబోయాను కూడా.

“అనిపిస్తది మేడం” అంది నందిని. అంటుంటే ఆమె భుజాలు కిందికి దిగాయి, మోస్తున్న బిందె ఎవరో అందుకున్నట్టు.

“ఎప్పటి సంది?”

“దసరా ముంగట్నుంచి.”

“ఎవరికన్నా చెప్పినవా?”

“ఎవలు అడగలే మేడం.”

నేను రెండుసార్లు ఆ పిల్ల చేతిలో సూది గుచ్చాను. రెండుసార్లూ ఆమె మొహానికి జానెడు దూరంలో ఉన్నాను. నేనూ అడగలేదు. ఆ మాట విన్నప్పుడు నాకు కలిగిన సిగ్గు ఇంకా పోలేదు.

డాక్టరమ్మ ఇంకా కొన్ని ప్రశ్నలు అడిగింది. అవి డాక్టర్లు అడగాల్సినవి. అన్నీ అయ్యాక, తల్లిదండ్రులు వచ్చేదాకా నందినిని ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలొద్దని నర్సమ్మకు చెప్పి, నన్ను పక్క గదిలోకి రమ్మంది. నేనే ముందు నోరు విప్పి ఎనభై సంగతి చెప్పేశాను.

ఆమె పాత చీటీ తీసి నూట అరవై మీద వేలు పెట్టింది. కేకలు వేసి ఉంటే బాగుండేదనిపించింది.

“జ్వరం లేదు, నాలుక మంచిగనే ఉంది. నాకు అప్పుడే అనుమానం వచ్చింది” అంది. “ముప్పై ఏళ్ళ చెయ్యి గదా, తప్పు రాయడులే అని నీ కాగితాన్ని నమ్మిన. పిల్లకు అక్కర్లేని మందులు మింగించిన. దానికన్నా పెద్దది చెప్పనా? నువ్వు ఆ నూట అరవై రాయకుంటే, ఇంకేమైతుందోనని నేను ఆ రోజే ఆమెను కూర్చోబెట్టి అడుగుదును. నెల దినాలు పోగొట్టినవ్.”

తర్వాత ఏడాది పాటు వైడాల్ చేసిన ప్రతి గాజుపలకనూ ఆమె స్వయంగా చూశాకే నా సంతకం. కొత్తగా చేరిన పిల్లల ముందు, బడిపిల్లాడిలా, పలక పట్టుకొని ఆమె గది బయట నిలబడేవాడిని. నాకు అది సరైన శిక్షే.

*ఊర్ల ఏం పేరు చెప్పాలె?*

రెండు గంటలకు శివప్ప, ఈరమ్మ వచ్చారు. నా తప్పు నేనే చెప్పాలని డాక్టరమ్మ షరతు. చెప్పాను. శివప్ప లేచి నా గల్లా పట్టుకున్నాడు. పట్టుకోవడం న్యాయమే కాబట్టి విడిపించుకోలేదు. నర్సమ్మ విడిపించింది.

“అంటే నా బిడ్డకు ఏం లేదన్నట్టే గదా!” అన్నాడు, రోడ్డు అవతలి దాకా వినిపించేలా.

“ఉన్నది” అంది డాక్టరమ్మ. “మనసుకు వచ్చిన జబ్బు. డిప్రెషన్ అంటరు. బద్ధకం కాదు, నాటకం కాదు. రక్తంల కనపడదు.”

“మేమేం తక్కువ జేసినం మేడం?” అని ఈరమ్మ ఏడ్చింది.

“తక్కువ చేస్తేనే రావాలని లేదమ్మా. మీ తప్పో, పిల్ల తప్పో వెతుక్కుంట కూర్చుంటే పొద్దు పోతది. సంగారెడ్డిల మనసుకు చూసే డాక్టరున్నడు, నేను ఫోన్ చేసిన. రేపు పొద్దుగాల పోవాలె. అంతదాక పిల్లను ఒక్కదాన్ని విడవొద్దు.” మందు పెట్టెలు, పురుగుమందు డబ్బాలు ఇంట్లో ఎక్కడెక్కడున్నాయో అడిగి, అన్నీ తాళం వేసి తాళంచెవి శివప్ప మొలకు కట్టుకోవాలని చెప్పింది.

శివప్పకు అప్పుడు అర్థమైంది. ఆ మనిషి గొంతు పోవడం నేను మొదటిసారి చూశాను. కుర్చీలో కూర్చుండిపోయాడు. నెమ్మదిగా అడిగాడు.

“మనసు డాక్టర్ అంటున్రు. ఊర్ల ఏం పేరు చెప్పాలె?”

నవ్వకండి. మన దగ్గర రోగానికి మందు దొరకడం కంటే ముందు పేరు దొరకాలి. ఈరమ్మ కళ్ళు తుడుచుకొని చటుక్కున దారి చూపించింది. “టైఫాయిడ్ తిరగబెట్టిందని చెప్దాం” అంది. నాకు ఆ ఉపాయం బ్రహ్మాండంగా కనిపించింది. బుద్ధి రాలేదని మీకే తెలుస్తోంది కదా. డాక్టరమ్మ ఏదో అనబోయింది. అంతకుముందే, అప్పటిదాకా తల వంచుకొని ఉన్న నందిని మాట్లాడింది.

“టైఫాయిడ్ వద్దమ్మా. గది తగ్గంగనే మళ్ల లెవ్వమంటరు. నాకు ఏమైందో గదే చెప్పుండ్రి.”

శివప్ప బిడ్డ వైపు చూసి తల ఊపాడు.

*తర్వాత*

ఒక్క పూటలో ఏమీ మారలేదు. సంగారెడ్డి డాక్టరు మందు బిళ్ళలు రాశాడు, వారం వారం మాట్లాడటానికి కౌన్సెలింగ్ చేసే ఒక అమ్మాయి దగ్గరికి పంపాడు. మందు పట్టడానికి కొన్ని వారాలు పడుతుందని ముందే చెప్పాడు. తోడుపోయే పని డాక్టరమ్మ నాకు వేసింది. మొదటిసారి శిక్షగా పోయాను. తర్వాత ఎవరూ చెప్పకపోయినా పోయాను.

శివప్పకు అక్కడ చెప్పిందేమంటే, రోజూ కాసేపు బిడ్డ దగ్గర కూర్చోవాలి, నీతులు చెప్పకూడదు. ఆయన ఆ మాటను సర్కారు ఆర్డరులా పట్టుకున్నాడు. సాయంత్రం కాగానే స్నానం చేసి, చేతులు కట్టుకొని, నోరు గట్టిగా బిగించి, మంచం ఎదురుగా కూర్చునేవాడట. మూడో రోజు నందిని, “నాయినా, పోలీసాయన లెక్క కూసోకు, నాకు భయమైతుంది. అల్లం సంగతేమన్నా చెప్పు” అందట. అప్పటి నుంచి అల్లానికి పట్టిన కుళ్ళు తెగులు గురించి రోజూ అరగంట చెప్పాడు. పిల్ల విన్నది.

మధ్యలో ఒకసారి నందిని మనసు మళ్ళీ బాగా జారింది. మందు పనిచేయలేదని శివప్ప ఆపేయబోయాడు. డాక్టరు ఆపొద్దని మందు మార్చాడు. ఆ నెలంతా నేను ఫోన్ మోగితే ఎత్తడానికి భయపడ్డాను.

*కిటికీలోంచి కాగితం ఇచ్చేవాళ్ళకు*

మీరు డాక్టర్లు కారు. నేనూ కాను. నేను డాక్టరునని అరనిమిషం అనుకున్నందుకే ఇదంతా. మీ పని చిన్నది, కానీ ఆ పిల్లల మొహానికి జానెడు దూరంలో కూర్చునేది మీరే.

పదమూడు నుంచి పంతొమ్మిదేళ్ళ పిల్లలు వచ్చినప్పుడు, రిపోర్టు బాగుంటే ‘ఏం లేదు’ అని కిటికీలోంచి అరవకండి. ‘ఈ పరీక్షల్లో కనపడలేదు, డాక్టరమ్మతో ఇంకోసారి మాట్లాడండి’ అనండి. నాలుగు మాటలు ఎక్కువ, నోరేం అరిగిపోదు. ఏడ్చే పిల్లలే బాధలో ఉన్నారనుకోకండి. ప్రతిదానికీ కస్సుమనే పిల్లలు కూడా అంతే. సూది గుచ్చబోతే నన్ను బూతులు తిట్టిన పిల్లాడొకడు ఉండేవాడు, బలుపు అనుకున్నాను. ఇప్పుడైతే అలా అనుకోను. ఇష్టమైనవి ఒక్కొక్కటే వదిలేస్తున్న పిల్లను, రెండు వారాలు దాటినా తేరుకోని పిల్లను చూస్తే డాక్టరుకు చెప్పండి. చావు మాట ఎత్తితే వేళాకోళం చేయకండి, రహస్యం దాస్తానని మాట ఇవ్వకండి, ఒంటరిగా పంపకండి. అడిగితే ఆ ఆలోచన వస్తుందని భయపడకండి. అది ముందే వచ్చి కూర్చుని ఉంటుంది, ఎవరైనా అడుగుతారా అని చూస్తూ.

ఇక దయ. చాయ్ తాగించండి.

*బస్టాండులో*

అయిదో నెలో ఆరో నెలో, సంగారెడ్డి బస్సు కోసం జహీరాబాద్ బస్టాండులో కూర్చున్నాం. నందిని పక్కన శివప్ప, ఆ పక్కన నేను. పొద్దున ఎనిమిది కావస్తోంది. శివప్పకు తెలిసిన రైతు ఒకాయన, మల్లన్న, ఎదురుబెంచీలో కూర్చున్నాడు.

“ఏడికి శివప్పా, బిడ్డను తోల్కొని?” అన్నాడు.

“దవాఖానకు.”

“ఏమైంది?”

ఆ పిల్ల చుట్టూ ఉన్న ప్రపంచం ఇన్ని నెలలుగా ఈ ప్రశ్న చుట్టూనే తిరిగింది. శివప్ప బిడ్డ వైపు చూశాడు. తర్వాత తన సొంత గొంతుతో చెప్పాడు.

“మనసు బాగలేదు మల్లన్నా. డిప్రెషన్ అంటరు. మందులు వాడుతున్నం. గిప్పుడు జర నయం.”

నాలుగు బెంచీల వాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. నందిని తల దించుకోలేదు. నేనే దించుకున్నాను. మల్లన్న తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. ఇంకోసారి తుడుచుకున్నాడు. తర్వాత లేచి వచ్చి శివప్ప పక్కన కూర్చొని, చాలా మెల్లగా మాట్లాడాడు.

“మా పోరడు గూడ సంక్రాంతి సంది తలుపేసుకొనే ఉంటున్నడే. పదో తరగతి. ఎవలతోని మాట్లాడడు. జహీరాబాద్‌ల అన్ని టెస్టులు చేపిచ్చిన. ఏం లేదన్నరు.”

ఎక్కడ చేయించావని అడగడానికి నాకు నోరు రాలేదు.

“ఏ డాక్టరు? ఏ దినం ఉంటడు?” అన్నాడు మల్లన్న. శివప్ప చెప్పబోతుంటే నందిని అందుకుంది.

“ఇయ్యాల ఉంటడు కాకా. పదకొండింటికి ఇంకో బస్సున్నది, దాంట్ల తోల్కరా. లైను పెద్దగుంటది, నేను ముందుగాల నిలవడి పేరు రాపిస్త. పేరు జెప్పు.”

మల్లన్న కొడుకు పేరు చెప్పాడు. నందిని అరచేతి మీద పెన్నుతో రాసుకుంది. మా బస్సు వచ్చింది. ఎక్కుతూ వెనక్కి చూస్తే, మల్లన్న ఫోన్ చెవికి ఆనించుకొని ఇంటికి మాట్లాడుతున్నాడు.

“పోరన్ని తీస్కొని పదకొండింటి బస్సుకు రా... కాదే, టెస్టులకు గాదు. టెస్టులు ఇగ చాలు.”